పొగదా తప్పు, పొట్టదా?

గంజాం జిల్లా బరంపురం నుంచి 51 ఏళ్ల పాఠకుడు ఒకరు పేరు వెల్లడించవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆయన, ఆయన అన్నగారు కలిసి ఊళ్లో బస్సులు ఆగే చోట టికెట్ల బుకింగ్ కౌంటరు నడుపుతున్నారు. విశాఖపట్నం, హైదరాబాదు, భువనేశ్వర్ వెళ్లే రాత్రి బస్సులు సాయంత్రం ఆరు నుంచి పదకొండు వరకు ఆ కౌంటరు ముందే ఒకదాని వెనుక ఒకటి నిలబడతాయి. లోపల ఏసీ ఆగకూడదని డ్రైవర్లు ఇంజిన్లు ఆపరు. పాతికేళ్లుగా ఆ సాయంత్రం వేళ కౌంటరులో కూర్చునేది ఈయనే. "నెలకోసారి ఫ్యాను రెక్కలు తుడిస్తే గుడ్డకు అంటేది దుమ్ము కాదు, సబ్బుతో రుద్దినా వేళ్లను వదలని నల్లటి జిడ్డు" అని రాశారు.

రెండు నెలల క్రితం చివరి బస్సును పంపించి ఇంటికి వెళ్లి, రెండో అంతస్తుకు మెట్లెక్కుతుండగా ఆయాసం వచ్చి ఆయన మధ్యలోనే ఆగిపోవలసి వచ్చిందట. పరీక్షలు చేయిస్తే, మాత్ర వేసుకుంటున్నా బీపీ 142/90, పరగడుపు షుగరు 118, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు 230, మంచి కొలెస్ట్రాల్ 34 అని తేలింది. బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఈసీజీ మామూలుగా ఉంది. ఎకో అనే గుండె స్కాను రిపోర్టులో గుండె పంపింగు 60 శాతం అని, కింద 'గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్' అని ఉంది. డాక్టరు ఒడియాలో గబగబా చెప్పిన దానిలో 'మెటబాలిక్ సిండ్రోమ్' అనే మాట, గుండె కొంచెం బిగుసుకుందన్న మాట మాత్రమే ఆయనకు గుర్తున్నాయి. ఎకో తీసిన కుర్రాడు మాత్రం ఎక్కడ పని చేస్తారని అడిగి, "ఆ బస్సుల పొగే మీ గుండెను తినేస్తోంది" అన్నాడు.

అప్పటి నుంచి ఇంట్లో ప్రశాంతత లేదు. కౌంటరు వదిలేసి విశాఖలో ఉన్న కొడుకు దగ్గరికైనా, ఇచ్ఛాపురంలోని తన పుట్టింటికైనా వెళ్లిపోదామని భార్య పట్టుబడుతున్నారు. "నేనూ అదే పొగ పీల్చాను, నాకేమైంది? పొట్ట పెంచుకుని పొగ మీద నెపం వేస్తున్నావు" అని అన్నగారు కోప్పడుతున్నారు. బరంపురం గాలి చెడ్డ నగరాల జాబితాలోనే లేదని మేనల్లుడు ఫోనులో చూపించాడు. తాను సిగరెట్టు, మందు ముట్టనని, పొద్దున్నే పళ్లకు రుద్దుకునే కాస్త గుడాకు తప్ప వేరే అలవాటు లేదని, తెల్లవారుజామున స్నేహితులతో కలిసి హైవే పక్కన నడుస్తానని, ఇచ్ఛాపురంలో పెళ్లికి వెళ్లి నాలుగు రోజులున్నప్పుడు ఆయాసం అసలు రాలేదని, గురక మూలంగా భార్యకు నిద్ర ఉండడం లేదని కూడా ఈ పాఠకుడు రాశారు. తన గుండె ఇలా కావడానికి కారణం పొగా లేక పొట్టా, కౌంటరు వదిలేయవలసిందేనా, అన్నయ్యకు ఏమని జవాబు చెప్పాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

మీరు దాపరికం లేకుండా, అంకెలతో సహా రాయడం వల్ల చాలా విషయాలు స్పష్టంగా మాట్లాడుకోవడానికి వీలైంది. అయితే పొగ సంగతికి రాకముందే ఒక పని పూర్తి కావాలి. మెట్లెక్కేటప్పుడు కొత్తగా వచ్చిన ఆయాసాన్ని ఎకో రిపోర్టులోని ఒక్క వాక్యానికి ముడిపెట్టి వదిలేయకూడదు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ, ఎకో బాగున్నంత మాత్రాన గుండె రక్తనాళాలలో పూడిక లేదని చెప్పలేము. షుగరు గీత దాటుతున్నవారిలో ఛాతీ నొప్పి లేకుండా కేవలం ఆయాసం రూపంలోనే గుండె జబ్బు బయటపడడం అరుదేమీ కాదు. కాబట్టి మరోసారి డాక్టరును కలిసి, ట్రెడ్‌మిల్ పరీక్ష గాని, గుండె మీద ఒత్తిడిని తెలిపే బీఎన్‌పీ అనే రక్త పరీక్ష గాని మీ విషయంలో అవసరమా అని నేరుగా అడగండి. రక్తహీనత, థైరాయిడ్, ఊపిరితిత్తుల సామర్థ్యం కూడా చూడమనండి. మీ ఊళ్లోనే వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కనుక ఇందుకోసం దూరం వెళ్లవలసిన పని లేదు. పొగే కారణమన్న నమ్మకంతో ఈ పరీక్షలు వాయిదా పడితే, ఆ నమ్మకం నిజమైనా సరే మీకు హాని చేసినట్టే అవుతుంది.

ఇక ఎకోలో రాసినదాని అర్థం చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో అందరి భయానికీ మూలం అదే. గుండె చేసే పని రెండు భాగాలు. ముడుచుకుని రక్తాన్ని బయటికి నెట్టడం ఒకటి, వదులై మళ్లీ రక్తాన్ని నింపుకోవడం రెండోది. మీ గుండె నెట్టే పని చక్కగా చేస్తోందని 60 శాతం అన్న అంకె చెబుతోంది. వదులయ్యే పనిలో మాత్రం కొంత నెమ్మది వచ్చింది. దానినే డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అంటారు, అందులో గ్రేడ్ 1 అంటే తొలి మెట్టు. యాభై దాటిన వారిలో, ముఖ్యంగా బీపీ ఉన్నవారిలో ఇది చాలామందికి కనిపిస్తుంది. దీని అర్థం గుండె 'ఫెయిల్' అయిందని కాదని మీ ఇంటావిడకు చెప్పండి. అయితే తొలి మెట్టు కదా అని పక్కన పెట్టదగినదీ కాదు.

గుండె వేగంగా కొట్టుకునేటప్పుడు తగ్గిపోయేది ప్రధానంగా నింపుకునే వ్యవధి. నెమ్మదిగా వదులయ్యే గుండెకు ఆ వ్యవధి చాలదు. దానితో ఎడమ వైపు పై గదిలో ఒత్తిడి పెరిగి, అది వెనక్కి ఊపిరితిత్తుల దాకా పాకి, ఆయాసంగా తెలుస్తుంది. ఐదు గంటలపాటు హారన్ల మధ్య కూర్చుని, బీపీ, గుండె వేగం రెండూ పెరిగి ఉన్న సమయంలో ఒక్కసారిగా రెండంతస్తులు ఎక్కినప్పుడు మీకు జరిగినది ఇదే అయివుండడానికి అవకాశం ఉంది. ఇచ్ఛాపురంలో ఆయాసం రాకపోవడం కూడా దీనికి సరిపోతుంది. కానీ అక్కడ మీకు పొగతోపాటు మెట్లూ లేవు, పని ఒత్తిడీ లేదు, బహుశా నిద్ర కూడా బాగా పట్టి ఉంటుంది. అందుచేత ఆ నాలుగు రోజులను పొగకు వ్యతిరేకంగా పూర్తి సాక్ష్యంగా నేను తీసుకోను.

మెటబాలిక్ సిండ్రోమ్ అనేది ఒక జబ్బు పేరు కాదు, కలిసి వచ్చే ఐదు లక్షణాల గుంపు. మన దేశపు మగవారికి నడుము 90 సెంటీమీటర్లు లేదా ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ 40 కంటే తక్కువ, బీపీ 130/85 లేదా ఎక్కువ, పరగడుపు షుగరు 100 లేదా ఎక్కువ ఉండాలి. వీటిలో ఏ మూడు ఉన్నా ఆ పేరు పెడతారు, మీకు ఐదూ ఉన్నాయి. ఆడవారికి నడుము హద్దు 80, మంచి కొలెస్ట్రాల్ హద్దు 50 కనుక మీ ఇంటావిడ కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది. చర్మం కింద చేరే కొవ్వు కన్నా పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు ప్రమాదకరమైనది. అది ఊరకే పడి ఉండదు, వాపు కలిగించే రసాయనాలను అదేపనిగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. ఇన్సులిన్ సరిగా పని చేయదు, రక్తనాళాల లోపలి పొర వదులుగా తెరుచుకునే గుణాన్ని కొంత పోగొట్టుకుంటుంది, గుండె కండరం నెమ్మదిగా మందమవుతుంది. కాబట్టి అన్నగారి మాటలో నిజం ఉంది. బస్సులు లేకపోయినా, ఈ ఐదు అంకెలతో మీ గుండెకు ఇబ్బంది రావడానికి దారి ఉంది.

అయితే ఎకో కుర్రాడి మాటలోనూ నిజం ఉంది. ఫ్యాను రెక్కల మీద మీరు చూసిన మసి కంటికి కనిపించేది, ముక్కులో, గొంతులో చాలావరకు ఆగిపోయేది. గుండెకు చేటు చేసేది కనిపించనిది. పీఎం 2.5 అనే కణాలు తల వెంట్రుక మందంలో ఇరవయ్యో ముప్పయ్యో వంతు ఉంటాయి. డీజిలు పొగలో అంతకంటే ఎన్నో రెట్లు చిన్నవి కూడా లెక్కలేనన్ని ఉంటాయి. ఇవి ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్లగలవు. అక్కడ నాడులను రెచ్చగొట్టి గుండె వేగాన్ని, బీపీని పెంచుతాయి. ఊపిరితిత్తులలో వాపు పుట్టిస్తే ఆ వాపు రసాయనాలు రక్తంలో చేరి, రక్తాన్ని గడ్డకట్టే వైపు మొగ్గేలా చేస్తాయి. అతి సూక్ష్మమైనవి కొన్ని నేరుగా రక్తంలోకే దిగుతాయి. 2017లో ఎడిన్‌బరో పరిశోధకులు ఆరోగ్యవంతులైన వాలంటీర్ల చేత హాని లేని బంగారు సూక్ష్మ కణాలను పీల్పించి చూస్తే, ఒక రోజులోపే అవి రక్తంలో కనిపించాయి. మెడ నాళంలో పూడిక తీయించుకోబోయే రోగులు పీల్చినప్పుడు అవి ఆ పూడికలోనే చేరి కనిపించాయి.

ట్రాఫిక్ పొగ పీల్చిన కొద్ది గంటల్లోనే గుండె మీద ప్రభావం కనిపిస్తుందనడానికి గట్టి పరిశోధనలు ఉన్నాయి. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ప్రాంతంలో గుండెపోటు నుంచి బతికి బయటపడిన సుమారు 700 మందిని విచారించి 2004లో ప్రచురించిన పరిశీలనలో, ట్రాఫిక్‌లో గడిపిన తర్వాతి గంటలో గుండెపోటు అవకాశం దాదాపు మూడు రెట్లుగా తేలింది. అందులో పొగతోపాటు శబ్దం, మనసు మీద ఒత్తిడి కూడా కలిసి ఉంటాయి, పైగా ఒక మనిషికి ఒక గంటలో ఉండే అవకాశం అసలే బహు స్వల్పం కనుక ఆ అంకెను చూసి బెదరనక్కరలేదు. 2007లో, పూర్వం గుండెపోటు వచ్చి కోలుకున్న 20 మంది చేత పలచబరచిన డీజిలు పొగ మధ్య సైకిలు తొక్కించి చూసినప్పుడు, శుభ్రమైన గాలిలో కన్నా వారి గుండె కండరానికి రక్తం చాలడం లేదని ఈసీజీ ఎక్కువగా చూపించింది. వారిలో ఎవరికీ ఛాతీ నొప్పి రాలేదు. 'నాకేమీ అనిపించడం లేదు కదా' అన్న మాట మీద ఎంతవరకు ఆధారపడవచ్చో దీన్నిబట్టి మీరే ఆలోచించండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తున్నాను. పొగా, పొట్టా అని మీరు అడుగుతున్నారు. ఈ రెండింటిని పోటీదారులుగా నిలబెట్టడంలోనే మీ ఇంటి గొడవంతా ఉంది. పొగ ఏ దారుల్లో గుండెను దెబ్బతీస్తుందో, మెటబాలిక్ సిండ్రోమ్ సరిగ్గా అవే దారులను ముందుగానే బలహీనపరచి ఉంచుతుంది. వాపు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. రక్తనాళాలు బిగుసుకోవడం రెండింటిలోనూ ఉంది. నాడుల ద్వారా గుండె వేగాన్ని సందర్భానికి తగినట్టు సర్దుకునే నేర్పు రెండింటిలోనూ తగ్గుతుంది. అమెరికాలో అనేక జాతుల పెద్దలను ఏళ్ల తరబడి గమనిస్తున్న మీసా అనే పరిశీలనలో ఈ నేర్పునే కొలిచి 2010లో ప్రచురించారు. గాలిలో సూక్ష్మ కణాలు పెరిగిన రోజుల్లో అది తగ్గడం మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవారిలో, లేనివారికంటే స్పష్టంగా కనిపించింది. ఇది రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది. చెన్నై, ఢిల్లీ నగరాల్లో వేలమందిని ఏళ్లపాటు గమనించి 2023లో వెల్లడించిన పరిశోధనలో, సూక్ష్మ కణాలు ఎక్కువగా పీల్చేవారిలో పరగడుపు షుగరు, కొత్తగా షుగరు జబ్బు రావడం రెండూ ఎక్కువగా ఉన్నాయి. అంటే మీ 118లో పొగకు కూడా కొంత వంతు ఉండవచ్చు. ఆ వంతు ఎంత, పొట్ట వంతు ఎంత అని ఏ పరీక్షా మీకు విడదీసి చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. రెండింటిలో దేన్ని తగ్గించినా రెండోదాని దెబ్బ కూడా తేలికవుతుంది.

అన్నగారికి ఏమీ కాలేదన్న వాదనకు జవాబు ఇందులోనే ఉంది. ఆయన సన్నగా ఉంటారని, ఉదయం వేళ కూర్చుంటారని మీరే రాశారు. ఉదయం మీ కౌంటరు ముందు నిలబడేవి రెండు మూడు బస్సులు, సాయంత్రం నిలబడేది వరస. ఒకే చోట కూర్చున్నంత మాత్రాన ఇద్దరూ పీల్చింది ఒకటి కాదు, పీల్చిన శరీరాలూ ఒకటి కాదు. పైగా, "నాకేమైంది" అంటున్న పెద్దమనిషి ఎప్పుడైనా బీపీ, షుగరు కొలిపించుకున్నారా అని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. తోబుట్టువులకు ఈ లక్షణాలు ఉంటే తమకూ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, వాదనలో గెలవడానికి కాకుండా, ఆయన మేలు కోరి ఆ పరీక్షలు చేయించండి.

మేనల్లుడు చూపించిన జాబితా సంగతి. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ఒడిశా నుంచి భువనేశ్వర్, కటక్, అంగుల్, తాల్చేర్, బాలాసోర్, రూర్కెలా, కళింగనగర్ ఉన్నాయి, బరంపురం లేదన్నది నిజం. అయితే అలాంటి జాబితాలు ఊరి మొత్తం మీద, కొన్ని స్థిరమైన చోట్ల కొలిచిన గాలిని బట్టి వేసేవి. మీరు పీల్చేది ఊరి సగటు గాలిని కాదు, ఆగి ఉన్న బస్సు పొగ గొట్టానికి నాలుగు అడుగుల దూరంలో ఉన్న గాలిని. వాహనాల నుంచి వచ్చే అతి సూక్ష్మ కణాలు రోడ్డు అంచున దట్టంగా ఉండి, రెండు మూడు వందల మీటర్లు దాటేసరికి చుట్టుపక్కల గాలి స్థాయికి పలచబడిపోతాయి. ఊరి గాలి విషయంలో కూడా, రోజు సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం, 15 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచన. మన హద్దులోపల ఉన్నంత మాత్రాన గుండెకు హాని లేదని కాదు.

ఈ దూరం లెక్కే మీ ముందున్న దారులను తూచడానికి పనికి వస్తుంది. విశాఖ వెళ్లిపోవడం ఒక దారి. కానీ విశాఖ ఆ జాతీయ జాబితాలో ఉన్న నగరమే. అక్కడ మీ అబ్బాయి ఇల్లు పెద్ద రోడ్డు మీద ఉంటే మీరు మార్చుకున్నది ఊరు మాత్రమే అవుతుంది, లోపలి వీధిలో ఉంటే లాభం నిజంగానే ఉంటుంది. 51 ఏళ్ల వయసులో పని, స్నేహితులు, సొంత రాబడి ఒక్కసారిగా వదులుకుంటే నడక తగ్గి, తిండి పెరిగి, పొట్ట విషయంలో నష్టపోవడం కూడా చూస్తూనే ఉన్నాము. ఇచ్ఛాపురం గాలి మీకు పడినట్టు అనిపించింది గాని, అదే 16వ నంబరు జాతీయ రహదారి ఆ ఊరి మీదుగానే పోతుంది. కాబట్టి వెళ్లినా అత్తవారి ఇల్లు రహదారికి ఎంత దూరంలో ఉందన్నదే ముఖ్యం. అంత దూరం నుంచి కౌంటరుకు రోజూ వచ్చిపోవాలంటే, బస్సులోనో బండి మీదో ట్రాఫిక్‌లో గడిపే సమయం ఇంకో రూపంలో మిగిలే ఉంటుంది.

రెండో దారి, కౌంటరులోనే ఉంటూ వేళ మార్చుకోవడం. ఉదయం వేళ, లెక్కలు, ఫోను బుకింగులు, ఆన్‌లైను టికెట్లు మీరు చూసుకుని, సాయంత్రపు ఐదు గంటలు అన్నగారు, జీతానికి పెట్టుకున్న మనిషి పంచుకోవడం. నా దృష్టిలో మీకు అన్నిటికన్నా ఎక్కువ లాభం, తక్కువ నష్టం ఇందులోనే ఉంది. అయితే దీని భారం అన్నగారి మీద పడుతుంది, ఆయనకు 58 ఏళ్లు. పొగ ఆయనకు కూడా మందు కాదు. మిమ్మల్ని తప్పించడానికి ఆయన్ను అక్కడ కూర్చోబెట్టడం న్యాయం కాదు కనుక, కౌంటరును కూడా మార్చకుండా మనుషులను మాత్రమే మార్చడం సగం పరిష్కారమే.

కౌంటరును ఎలా మార్చవచ్చో చూడండి. బస్సు బయలుదేరే ముందు పది నిమిషాలు తప్ప ఇంజిను ఆపి ఉంచమని డ్రైవర్లను అడగడం వాళ్లకూ డీజిలు ఆదా చేసే మాటే. టికెట్లు ఇచ్చేది మీరు కనుక, ఇలాంటి మాట చెప్పగలిగిన వారిలో మీరు ముందుంటారు. కనీసం వరసను పదిహేను ఇరవై అడుగులు ముందుకు జరిపి, పొగ గొట్టాలు మీ కిటికీకి ఎదురుగా రాకుండా చూడండి. రోడ్డు వైపు అద్దం బిగించి, మాట్లాడడానికి చిన్న తలుపు మాత్రం ఉంచి, గాలి వెనుక సందు వైపు నుంచి వచ్చేలా చేయండి. మామూలు ఏసీ గదిని చల్లబరుస్తుంది గాని సూక్ష్మ కణాలను ఆపదు. మూసిన చిన్న గదిలో సూక్ష్మ కణాలను పట్టే హెపా ఫిల్టరు ఉన్న ఎయిర్ ప్యూరిఫయరు నిజంగానే పని చేస్తుంది, అయితే తలుపు తీసి ఉంచితే కొన్న డబ్బు వృథా. రద్దీ వేళ ఎన్95 మాస్కు, ముక్కు పక్కన సందు లేకుండా పెట్టుకోండి. బీజింగులో గుండె జబ్బు ఉన్నవారు ఇలాంటి మంచి మాస్కుతో వీధుల్లో నడిచినప్పుడు బీపీ కొంత తగ్గడం, ఈసీజీలో గుండె మీద ఒత్తిడి తగ్గడం పరిశోధకులు చూశారు. జేబురుమాలు, గుడ్డ మాస్కు ఈ కణాలకు అడ్డం కావు. ఎన్95 కూడా వాయువులను ఆపదు. వేసవి ఉక్కలో ఊపిరి ఆడనట్టు ఉంటే పంతం పట్టకుండా తీసేసి లోపలికి వెళ్లండి.

ఇంకొక మాట, మీరు పొరపాటున రాసినట్టుగా రాసిన వాక్యం గురించి. సాయంత్రం దోమలకు కౌంటరులో చక్రం వెలిగిస్తామన్నారు. ఒక దోమల చక్రం పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మ కణాలు పదుల కొద్దీ సిగరెట్లకు సమానమని కొలిచి చూశారు. రోడ్డు పొగ మీ చేతిలో పూర్తిగా లేదు, చక్రం మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. కిటికీకి జాలీ కొట్టించి దాన్ని ఈ రోజే మానేయండి. గుడాకును మీరు అలవాటు కింద లెక్కపెట్టలేదు. అది పొగాకే, అందులోని నికోటిన్ చిగుళ్ల నుంచే రక్తంలోకి వెళ్లి గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. వేగం పెరిగితే మీ గుండెకు ఏమవుతుందో పైన చెప్పాను. ఏళ్ల నాటి అలవాటు ఒక్కరోజులో పోకపోతే నామోషీ పడకుండా డాక్టరు సాయం అడగండి.

తెల్లవారుజాము నడకను మానవద్దు, చోటు మార్చండి. నడిచేటప్పుడు కూర్చున్నప్పటి కన్నా రెండు మూడు రెట్లు గాలి పీలుస్తాము. లారీలు పోయే హైవే పక్కన ఆ గాలి పీల్చడం వ్యాయామపు లాభంలో కొంత కోత పెట్టుకోవడమే. లండన్‌లో అరవై దాటినవారిని ఒకసారి రద్దీగా ఉండే ఆక్స్‌ఫర్డ్ వీధిలో, మరోసారి హైడ్ పార్కులో రెండేసి గంటలు నడిపించి 2018లో ఫలితాలు ప్రకటించారు. పార్కులో నడిచినప్పుడు రక్తనాళాలు మెత్తబడ్డాయి, ఊపిరి మెరుగైంది. వీధిలో నడిచినప్పుడు ఆ లాభం చాలావరకు కనిపించలేదు. మీ స్నేహితులందరినీ కలిపి ఏ మైదానానికో, లోపలి వీధులకో మళ్లించండి. చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి కదలకుండా నిలిచి పొగను పైకి పోనివ్వదు కాబట్టి ఎండ కాస్త పొడిచాక బయలుదేరండి.

పొట్ట విషయంలో అందరికీ తెలిసినదే గనుక ఎక్కువ చెప్పను. ఐదారు కిలోల బరువు తగ్గితే బీపీ, ట్రైగ్లిజరైడ్లు, షుగరు మూడూ కదులుతాయి. రాత్రి పదకొండు తర్వాత పూర్తి భోజనం చేసి పడుకోవడం మానుకుని, ఆ భోజనాన్ని ఏడు గంటలకే కౌంటరుకు తెప్పించుకోండి. కౌంటరులో గంటకో టీ అంటే గంటకో రెండు చెంచాల పంచదార. మీ ఊరి అప్పడాలకు, పచ్చళ్లకు పేరుందని నాకూ తెలుసు. కానీ బీపీ మాత్ర వేసుకున్నా 142 ఉన్నవారు రోజుకు మొత్తం ఐదు గ్రాముల ఉప్పు దాటకూడదు, అందులో చాలా భాగం అవే తినేస్తాయి. గురక గురించి డాక్టరుకు తప్పక చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మాత్రలకు లొంగని బీపీకి అదే కారణం కావచ్చు, దానికి చికిత్స ఉంది. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపవద్దు, మార్చవద్దు.

అన్నగారితో మాట్లాడే ముందు ఒక చిన్న పని చేయండి. భుజానికి చుట్టే డిజిటల్ బీపీ మిషను కొని, ఉదయం లేవగానే ఒకసారి, రాత్రి ఇంటికి చేరి పది నిమిషాలు కూర్చున్నాక ఒకసారి, రెండు వారాలు రాసుకోండి. కౌంటరుకు వెళ్లిన రోజులు, వెళ్లని రోజులు విడిగా గుర్తు పెట్టండి. పొగ ఒక్కదాని ప్రభావాన్ని అది నిరూపించదు, ఎందుకంటే సెలవు రోజున శబ్దం, తొందర, టీలు కూడా తగ్గుతాయి. కానీ సాయంత్రపు ఐదు గంటలు మొత్తంగా మీ శరీరం మీద ఏం చేస్తున్నాయో చూపిస్తుంది, మీ డాక్టరుకు మందు సరిచేయడానికి కూడా అది ఉపయోగపడుతుంది. ఆ కాగితం పట్టుకుని వెళ్లి, "అన్నయ్యా, పొట్ట నా తప్పే, దాన్ని నేను చూసుకుంటాను. పొగ మనిద్దరిది, దాన్ని ఇద్దరం కలిసి చూసుకుందాం" అని మొదలుపెట్టండి. ఆయన కోపం వెనుక మీరు కౌంటరు వదిలేస్తే తాను ఒంటరిగా ఎలా నెట్టుకురావాలన్న బెంగ ఉందని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది. శాశ్వతంగా వాటా తెంచుకునే మాట కాకుండా, మూడు నెలలపాటు వేళ మార్చి, అద్దం బిగించి, మళ్లీ పరీక్షలు చేయించి చూద్దామనే మాట అయితే ఆయన వినడానికి వీలుంటుంది. మీ ఇంటావిడకు కూడా అదే గడువు చెప్పండి. ఆ మూడు నెలల్లో ఆయాసం తగ్గకపోయినా, అన్నగారు ఒప్పుకోకపోయినా, ఊరు మారే ఆలోచనను అప్పుడు పూర్తి లెక్కలతో ముందుకు తీసుకువెళ్లవచ్చు.

ఈలోగా ఛాతీలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, కారణం లేని చెమట, కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చోవలసి రావడం, వీటిలో ఏది వచ్చినా గ్యాస్ అనుకుని సోడా తాగి సరిపెట్టుకోవద్దు. చివరి బస్సు వెళ్లేదాకా ఆగవద్దు, బండి మీద వెనుక కూర్చుని ఆసుపత్రికి వెళ్లవద్దు. వెంటనే 108కు ఫోను చేయాలని అన్నగారికి, కౌంటరులో పని చేసే మనిషికి, ఇంట్లో వాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి. మీ ఎకో రిపోర్టు, మందుల చీటీ ఫోటో తీసి అందరి ఫోన్లలో పెట్టండి.